లెంపెరక్క ఆగిన చోటు

వాగిమిన్ పోయి ఆ రోజుకి వెయ్యి రోజులు నిండాయి. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, ఏడాది, రెండేళ్ళు... అన్నిటికీ ఊరికి అన్నం పెట్టి, అన్నిటికీ ప్రార్థన చదివించి రుబియాతి అలిసిపోయింది. ఇదే ఆఖరుది. పోయినవాడు వెయ్యి రోజులూ ఇంటిని పట్టుకునే తిరుగుతాడు. దూలం మీద కూర్చుంటాడు, వంటింట్లో మూతలు కదుపుతాడు, మంచం కొసన కాసేపు నడుం వాలుస్తాడు. వెయ్యో రోజు సాయంత్రం పావురాల్ని వదిలాక మాత్రం ఇక వెనక్కి చూడడు. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా ఈ సంగతి తెలుసు.

రుబియాతికి కావలసింది ఒక్కటే. ఆయన గడప దాటేలోగా ఒక మాట తెలియాలి. తనని క్షమించాడా, లేదా? ముప్ఫై ఏడేళ్ళ కిందటి తప్పది. మనిషి ఎదురుగా ఉన్నన్నాళ్ళూ అడగడానికి నోరు పెగల్లేదు. పోయాక మాత్రం రోజూ పొద్దున్నే అరుగు మీద వేడి టీ గ్లాసు పెట్టి, దాని మీద మూత పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది. టీ చల్లారేది. ఆయన పలికేవాడు కాదు. "బతికున్నప్పుడు మాత్రం ఏం పలికావులే," అని విసుక్కుని తనే తాగేసేది. వెయ్యి రోజులుగా ఆవిడ వేడి టీ ఎరగదు.

ఈ రుబియాతి ఎవరని అడిగితే జావా దీవిలోని జోగ్జా పట్నంలో ఒక్కరూ చెప్పలేరు. లెంపెరక్క అనండి, చాలు. యాభై దాటినవాడైతే మీరు మాట పూర్తిచేసేలోపే నవ్వేస్తాడు. లెంపెర్ అంటే అరిటాకులో బిగించి చుట్టిన జిగురన్నం ముద్ద. పొట్టి మనిషి, బొద్దు మనిషి, నడుముకి బట్ట బిగించి చుట్టుకుని రెండడుగులు వేసిందంటే అచ్చం అలాగే ఉండేది. అక్కడి టీవీలో జనాన్ని నవ్వించిన మొదటి ఆడది ఆవిడే. అంతకుముందు నవ్వించడమంతా మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళు ఏడవాలి, పాడాలి, లేదా పాన్‌దాను పట్టుకుని రాణి వెనకాల కూర్చోవాలి.

"అవ్వా, నువ్వు వంటింట్లోకి రాకు. వచ్చావా, పిండి పులవదు, నవ్వుతుంది," అంది ఎండాంగ్. పక్కింటి జుమాదిగారి కూతురు. యాభయ్యేళ్ళు వస్తున్నాయి, నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్నే పదిమంది ఆడవాళ్ళని వెంటేసుకొచ్చి వంటిల్లు ఆక్రమించింది. అప్పాలు పోస్తున్నారు, జిగురన్నం వండుతున్నారు, కొబ్బరిపాలల్లో అరటిపళ్ళు ఉడికిస్తున్నారు.

"నా ఇంట్లో నాకే అడ్డమా?"

"నీ ఇల్లు రేపట్నుంచి. ఇవాళ వాగిమిన్ తాతది. పోయి పడుకో, సాయంత్రం మొదిన్‌గారు అడిగినప్పుడు నిలబడి సమాధానం చెప్పాలిగా!"

ఆ మాట వినగానే రుబియాతి వెనక్కి తిరిగింది. ప్రార్థన చదివించే మొదిన్ ప్రతిసారీ అడిగేదే అది. 'ఈ మనిషి మీకేమైనా తప్పు చేసి ఉంటే క్షమించారా? మనసారా సాగనంపుతున్నారా?' అని ముందు భార్యని అడుగుతాడు, తర్వాత ఊరిని. ఇన్నిసార్లూ ఆవిడ తలొంచుకుని 'అవునండీ' అనేసింది. మర్యాదకి అనేసింది. తప్పు చేసింది తనైతే ఆయన్ని తను క్షమించడమేమిటి, విడ్డూరం కాకపోతే! ఈసారి ఆఖరు ప్రశ్న. ఉత్తి 'అవునండీ'తో సరిపెడితే ఆయన ఎక్కడికి పోతాడు?

చూరు కింద వెదురు మంచం మీద వాలింది. చెరకు తోటల మీద ఇంకా మంచు విడలేదు. బాతులు దొడ్లోంచి బయటపడి గట్టు వెంబడి వరసగా పోతున్నాయి, వాటి కాళ్ళు కనిపించడం లేదు, తెల్లటి పొగలో తేలుతున్నట్టే ఉన్నాయి. తల పైన దూలానికి ఆయన డోలు వేలాడుతోంది. వెలిసిపోయిన బాతిక్ అద్దకపు గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి ఉంది. ముప్ఫై ఏడేళ్ళ కిందట ఆయన చేత్తో కట్టిన ముడి అది. మళ్ళీ విప్పలేదు. వంటింట్లోంచి వేగుతున్న పిండి వాసన, ఆడవాళ్ళ గుసగుసలు వస్తున్నాయి. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

కల అనాలో, జ్ఞాపకం అనాలో ఆవిడకే తెలియదు. వెదురు తడకల నాటకశాల కనిపించింది. ఆ తడకలు విప్పి బండికెక్కించి ఊరూరా తిరిగేవాళ్ళు. అప్పుడు రుబియాతికి పందొమ్మిది. రాణి వెనక పరిచారిక. రాసిన మాటలంటూ ఏవీ ఉండవు, పొద్దువాలే వేళ నాటకం పెద్దాయన అందర్నీ కూర్చోబెట్టి కథ చెప్పేవాడు. రాజు ఓడిపోతాడు, రాణి ఏడుస్తుంది, మధ్యలో హాస్యగాళ్ళొస్తారు, అంతే. మిగతాది ఎవరి నోరు వాళ్ళది. పరిచారికకి నోరు లేదు. వాద్యాల పక్కన మాత్రం, డోలు ఒళ్ళో పెట్టుకుని, బక్కపల్చటి వాగిమిన్ కూర్చునేవాడు. ఆయన నోరు ఆయన చేతుల్లో ఉండేది. వేదిక మీద ఎవరు కాలు కదిపినా, కన్ను తిప్పినా డోలు జవాబు చెప్పాలి. అది వాళ్ళ పద్ధతి. రాజు అడుగుకి రాజు దెబ్బ, దొంగ అడుగుకి దొంగ దెబ్బ.

ఒక సాయంత్రం రాణి పుట్టెడు దుఃఖంలో పాడుతోంది. రుబియాతి కాళ్ళు తిమ్మిరెక్కాయి. పక్కకి జరుగుదామని నడుము ఎత్తింది. 'ధంగ్' అంది డోలు. జనం తిరిగి చూశారు. ఆవిడ బిత్తరపోయి ఆగింది. మళ్ళీ మెల్లిగా నడుము దించింది. 'తుంగ్.' ఎవరో కిసుక్కుమన్నారు. కోపంగా డోలు వైపు కళ్ళు తిప్పింది. 'తక్.' అంతే, తడకలు ఊగిపోయేలా నవ్వారు. రాణి ఏడుపు ఎవరిక్కావాలి? రుబియాతి ఒకడుగు వేసి ఆగడం, డోలు అనడం, జనం విరగబడడం. ఆ సాయంత్రం ఆవిడకి తెలిసింది, తనకీ నోరుందని. హాస్యగాళ్ళు వారం రోజులు మొహాలు మాడ్చుకున్నారు. "ఆడది నవ్విస్తే వానలు పడవు," అన్నాడొకడు. ఆ మర్నాడు కుండపోతగా పడింది. "ఇదిగో, నీకోసమే," అంది వాడితో, గొడుగు అందిస్తూ.

ఏడాది తిరక్కుండా పెళ్ళి. "మాటల్లేని మొగుడితో ఎలా వేగుతావే?" అన్నారు తోటివాళ్ళు. "నేను ఆగినప్పుడల్లా ఆయన పలుకుతాడుగా," అంది.

కల కొంచెం చెదిరింది. వంటింట్లో ఎవరో గరిటె పడేశారు. రుబియాతి పక్కకి తిరిగి పడుకుంది. తనకి ఇష్టం లేని చోటికే కల నడుస్తోందని తెలుసు. అయినా లేవలేదు.

పట్నంలో కొత్తగా టీవీ వచ్చింది. నవ్వించే ఆడది కావాలని కబురు పెట్టారు. గురువారం గురువారం సాయంత్రం ఏడింటికి, పావుగంట, నేరుగా ప్రసారం. మొదటి రోజు భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి వెళ్ళారు. స్టూడియోలో చలి, నేల మీద నల్లటి తీగలు, మనిషెత్తు కెమెరా. ఇస్త్రీ ప్యాంటు వేసుకున్న దర్శకుడు ప్రసుంతోగారు చేతిలో కాగితాలతో వచ్చారు. వాగిమిన్ డోలు ఒళ్ళో పెట్టుకుని ఒక్క దెబ్బ వేశాడు. గాజుగదిలోంచి ఎవరో అబ్బా అన్నారు.

"మైకు ఇంత మోత భరించలేదు," అన్నారు ప్రసుంతోగారు, నవ్వుతూనే. "అయినా మీకు డోలు దేనికండీ? మీ మొహం చాలు. అక్కర్లేదు కదూ?"

పదిహేను మంది చూస్తున్నారు. మొగుడూ చూస్తున్నాడు. ఆ దేశంలో పెద్ద మనుషుల మొహం మీద కాదని ఎవరూ అనరు. నోటితో అవుననాలి, ఇంటికెళ్ళాలి, మర్నాడు ఒక అరటిగెల ఇచ్చి మధ్యవర్తిని పంపించాలి, ఆయన చల్లగా 'కాదు' అని చెప్పొస్తాడు. అందరూ అంతే, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అంతే. రుబియాతి తల వంచి, "అవునండీ, అక్కర్లేదండీ," అంది.

అనేశాక గుర్తొచ్చింది. ప్రసారం ఇంకో గంటలో. మధ్యవర్తీ లేడు, అరటిగెలా లేదు. ఈ 'అవును'కి మర్నాడు లేదు.

 వాగిమిన్ డోలుని గుడ్డలో చుట్టాడు, తాడు ముడేశాడు. "బాతుల సంగతి చూసుకోవాలి," అని లేచి వెళ్ళిపోయాడు. అప్పటికి వాళ్ళింట్లో ఒక్క బాతు లేదు! తన మాట అబద్ధంగా మిగలకూడదని కాబోలు, వారం తిరక్కుండా ఇరవై బాతుపిల్లల్ని కొనుక్కొచ్చాడు. డోలు దూలానికెక్కింది. ఆ మనిషి మిగతా జీవితమంతా బాతులు కాశాడు.

ఆ రోజు ఎర్రదీపం వెలిగాక రుబియాతి కెమెరా ముందు నిలబడింది. ఎంత అడిగినా అవునండీ అనే పనిమనిషి వేషం. మాట అంది, నడుము తిప్పింది, ఆగింది. డోలు కోసం ఆగింది. అలవాటైన ఒళ్ళు, ఏం చేస్తుంది? డోలు లేదు. నవ్వూ లేదు, మైకులో పడకూడదని స్టూడియోలో అందరూ నోళ్ళకి చేతులు అడ్డుపెట్టుకున్నారు. ఒక క్షణం, రెండు క్షణాలు. కానీ, కానీ అని ప్రసుంతోగారు గాలిలో చెయ్యి తిప్పుతున్నారు. మళ్ళీ మాట అంది, మళ్ళీ ఆగింది. కొంప మునిగింది, రేపట్నుంచి పిలవరు అనుకుంటూ బయటికొచ్చింది.

మర్నాటి నుంచి ఉత్తరాలు బస్తాలతో వచ్చాయి. ఆ ఆగడమేమిటి తల్లీ, చచ్చేంత నవ్వొచ్చింది అన్నారు. పేపర్లో ఎవరో పండితుడు 'ఆమె మౌనమే ఆమె వాద్యం' అని రాశాడు. జావా దీవిలో నవ్వించే ప్రతివాడూ ఆగడం మొదలుపెట్టాడు. కాలేజీకి పిలిచి శాలువా కప్పి, ఈ కళ ఏ గురువు దగ్గర నేర్చుకున్నారని అడిగితే రుబియాతి నవ్వి ఊరుకుంది. ఏం చెబుతుంది? అది కళ కాదు నాయనా, నా మొగుడు కూర్చోవలసిన పీట, ఖాళీగా ఉంది అని చెబుతుందా? పదకొండేళ్ళు ప్రతి గురువారం అలా ఆగింది. ప్రతి ఆగడంలోనూ మనసులో, రావయ్యా, తప్పయిపోయిందయ్యా అంది. జనం నవ్వారట. ఆవిడ మాత్రం ఆ నవ్వు ఒక్కసారీ వినలేదు, తన ఆటని ఒక్కసారీ చూసుకోలేదు. నేరుగా పోయే ప్రసారాలాయె. అరకొర రికార్డు చేసిన టేపుల మీద కూడా తర్వాత వేరే కార్యక్రమాలు ఎక్కించేశారు.

ఎనిమిదింటి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అరుగు మీద టీ ఉండేది, మూత పెట్టి, వేడిగా.

"చూశావా?" అనేది.

"బాతులు," అనేవాడు. బాతుల పనిలో పడి చూడలేదని దానర్థం. ఊళ్ళో ఉన్నది ఒక్కటే టీవీ, అదీ సత్రంలో. వందడుగులు నడిస్తే సత్రం. ఆ వందడుగులు కూడా నడవలేదన్నమాట. ఇంకా క్షమించలేదన్నమాట. అలా అనుకుని టీ తాగి, ఆయన చేతులు చూసేది. గురువారం వచ్చిందంటే ఆ అరచేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి. "ఇదేమిటి?" అంటే, "దొడ్డికి వెదురు చీల్చాను," అనేవాడు. కొబ్బరినూనె వెచ్చచేసి రాసేది.  ఆ నూనె రాసే కాసేపే వాళ్ళ కాపురం అనిపించేది ఆవిడకి.

"రుబియాతీ! ఓ రుబియాతీ! నిద్రపోతున్నావా, పోయావా?"

కళ్ళు తెరిచింది. పొద్దు పడమటికి వాలింది. మంచం పక్కన జుమాది చేతికర్ర మీద వాలి నిలబడి ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళు. ఒకప్పుడు ఊరిపెద్ద. సత్రం టీవీ చెక్క బీరువాలో ఉండేది, దాని తాళంచెవి ఈయన మొలతాడుకి ఉండేది. లారీ బ్యాటరీతో నడిచేది ఆ టీవీ. భూకంపంలో సత్రం కూలాక ఆ బీరువాలో మిగిలిన సామానంతా ఈయన ఇంటికే చేరింది.

"పోతే నీకు చెప్పే పోతాలే, మావయ్యా. కూర్చో," అంది.

ముసలాయన కూర్చోలేదు. చంకలోంచి ఒక పాత టేపురికార్డరు తీసి మంచం మీద పెట్టాడు. అందులో క్యాసెట్టు ఉంది.

"నేనొక మాటిచ్చాను," అన్నాడు. "వాడు ఈ ఇంట్లో ఉన్నంతకాలం నీకు చెప్పనని. చచ్చిపోయినా ఇంట్లోనే ఉంటాడు కదా, అందుకని వెయ్యి రోజులూ నోరు కట్టుకున్నాను. ఇంకో గంటలో వాడు వెళ్ళిపోతాడు. వెళ్ళేముందు నువ్వు వినాలి. ఇక నా బాధ్యత లేదు."

"ఎవరికిచ్చావు? ఏం మాట?"

"నీ మొగుడికే. ఎండాంగూ, ఇలా రావే. ఇది రికార్డు చేసింది నువ్వేగా, నువ్వే నొక్కు. నాకు మీటలు కనబడవు."

ఎండాంగ్ పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.  తల వంచుకుని మీట నొక్కింది.

ముందు గరగర. తర్వాత కప్పలు. పిల్లల గోల. ఎవరో "తల దించండర్రా, వెనకాళ్ళకి కనబడదు," అంటున్నారు. ఆ గొంతు జుమాదిదే, యాభై ఏళ్ళ వయసుది. అంతలో దూరంగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఒక ఆడగొంతు.

"లెంపెర్! కూరలో ఉప్పు వేశావా?"

"వేశానండీ."

ఆ జవాబు తన గొంతే. రుబియాతి చటుక్కున లేచి కూర్చుంది. ఇప్పుడు తను ఆగుతుంది. ఇక్కడ నడుము తిప్పి ఆగాను, ఖాళీ వస్తుంది అనుకుంది.

'ధంగ్.'

ఖాళీ రాలేదు. డోలు వచ్చింది.

"ఏ కూరలో వేశావే?"

"ఇంకా వండలేదండీ."

'తక్. తుంగ్.'

సత్రమంతా విరగబడి నవ్వింది. పిల్లలు, ముసలివాళ్ళు, పాలవాడు, ఎవరిదో కోడి కూడా. ఆ నవ్వు అలల్లా వచ్చి మంచం మీద పడింది.  ముప్ఫై ఏళ్ళకి పైగా దారిలో ఉండిపోయిన నవ్వు ఇప్పుడు ఇంటికొచ్చింది. దాని కింద, దాని మధ్యలో, ఆవిడ ఆగిన ప్రతి చోటా, ఒక్క వెంట్రుకవాసి ముందూ కాకుండా వెనకా కాకుండా, ఆ చేతులు. వేరే ఎవరి చేతులూ కావు. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు, ఆవిడ ఎక్కడ ఆగుతుందో.

"ఆయన డోలు దూలానికి ఉందిగా," అంది పిచ్చిదానిలా పైకి చూస్తూ.

"సత్రంలో ఊరి డోలు లేదూ? చర్మం బిగుసుకుపోయిన మొండి డోలు. చేతులు వాచిపోయేలా కొట్టేవాడు. పదకొండేళ్ళలో ఒక్క గురువారం మానలేదు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చాడు. మాకు టీవీలో నువ్వు, టీవీ పక్కన వాడు. మేము నవ్వింది మీ ఇద్దర్నీ చూసి," అన్నాడు జుమాది.

"ఊరంతా? ఊరంతా ఎరుగుదురా?"

"నువ్వు తప్ప అందరూ."

"దొంగలు!" అరిచింది రుబియాతి. "అందరూ దొంగలే! నువ్వూ, నీ కూతురూ! ఇన్నేళ్ళు నా ఇంట్లో నా ఉప్పు తిని, పొద్దున్నుంచీ నా అప్పాలు పోస్తూ..." చేతికందిన విసనకర్ర ఎండాంగ్ మీదికి విసిరింది. అది ఎండాంగ్‌కి తగల్లేదు, బాతుకి తగిలింది. బాతు తిట్టుకుంటూ పోయింది. "వెదురు చీల్చాను అన్నాడే! నేను నూనె రాశానే ఆ చేతులకి! పదకొండేళ్ళు రాశానే!" అని కడుపులోంచి ఏడ్చింది. చూస్తున్న ఆడవాళ్ళందరూ ఏడ్చారు. వంటింట్లో ఒక వాయి అప్పాలు మాడిపోయాయి.

"ఆగు అవ్వా, చివర్లో ఇంకా ఉంది," అంది ఎండాంగ్, ముక్కు తుడుచుకుంటూ.

క్యాసెట్టులో కార్యక్రమం అయిపోయింది. బీరువా తలుపు జరిపిన చప్పుడు, తాళం వేసిన చప్పుడు. పిల్లలు వెళ్ళిపోతున్నారు. మళ్ళీ జుమాది గొంతు.

"ఒరే వాగిమిన్, ఇంటికెళ్ళి ఆ పిల్లకి చెప్పరా. ఎన్నాళ్ళిలా? ఇంకా కోపమా?"

 తర్వాత ఆయన మాట. ఎప్పుడూ మాటల్లేని మనిషి మాట.

"కోపమేంటి? మొదటి గురువారం కోపంగానే వచ్చా. అది ఆగింది, చూశావుగా. దేశమంతా చూస్తుంటే, ఆ పెద్దమనుషులందరి ముందూ నాకోసం ఆగింది. ఇంకేం కోపం?"

"అయితే చెప్పు మరి!"

"వద్దు. చెప్పానా, దానికి తెలిసిపోతుంది. తెలిస్తే ఇక ఆగదు. నాకోసం వెతుక్కుంటూ ఆగుతోందే, అది పోతుంది. నువ్వూ చెప్పకు, నేను ఆ ఇంట్లో ఉన్నంతకాలం చెప్పకు. మాటియ్యి. సరే, నే పోతా, బస్సొచ్చే వేళైంది. టీ కాచాలి."

టేపు ఆగిపోయింది.  మంచు మళ్ళీ చెరకు తోటల మీదికి దిగుతోంది. రుబియాతి మంచం మీద నిలబడి, దూలానికున్న తాడు అందుకుని ముడి విప్పింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి మంచమెక్కితే పడిపోతుందని ఎవరూ అనలేదు. డోలు దింపి ఒళ్ళో పెట్టుకుంది. చర్మం వదులైపోయింది. అరచేత్తో నిమిరింది, అంతే.

పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక ఊరంతా వచ్చింది. చాపలు పరిచారు. అప్పాలు, జిగురన్నం, కొబ్బరిపాల అరటిపళ్ళు మధ్యలో పెట్టారు. మగవాళ్ళు చుట్టూ కూర్చున్నారు, ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది అప్పుడు సత్రంలో నేల మీద కూర్చున్న పిల్లలే, ఇప్పుడు బట్టతలలు, బొజ్జలు. ప్రార్థన అయింది. మొదిన్ గొంతు సవరించుకుని గుమ్మం వైపు తిరిగాడు. ఈయన కుర్రవాడే, పక్క ఊళ్ళో పుట్టినవాడు, ఈ ఊరి సంగతులు ఎరగడు.

"అమ్మా, వాగిమిన్‌గారు ఇవాళ ఈ ఇల్లు విడిచి వెళుతున్నారు. ఆయన తప్పులన్నీ క్షమించారా? మనసారా సాగనంపుతున్నారా?"

రుబియాతి ముందుకొచ్చి నిలబడింది. అవునని అనాలని నోరు తెరిచింది.  మాట రాలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఆగింది.

ఆవిడ కావాలని ఆగలేదు, ఒట్టు. కానీ ఆ నిలబడడం, ఆ తల వంచడం, ఆ ఆగడం ఆ చాపల మీద కూర్చున్నవాళ్ళ ఒంట్లో ఎక్కడో చిన్నప్పట్నుంచీ నాటుకుపోయి ఉన్నాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అరవై చేతులు అరవై తొడల మీద ఒక్కసారే పడ్డాయి.

'ధంగ్.'

మొదిన్ అదిరిపడ్డాడు. మరుక్షణం సంతాపం లేదు, మర్యాద లేదు, ఇల్లంతా పగలబడి నవ్వింది. జుమాది కర్ర వదిలేసి కళ్ళు తుడుచుకున్నాడు. రుబియాతి జీవితంలో మొదటిసారి టీవీ జనం నవ్వుని ఎదురుగా నిలబడి విన్నది. కావలసినంతసేపు విని, అది తగ్గేదాకా ఆగి, అప్పుడు అంది.

"క్షమించాను మొదిన్‌గారూ. ఆయన చేసిన తప్పు ఒక్కటే, బాతులున్నాయని అబద్ధమాడాడు. వెళ్ళనివ్వండి. నేను చేసింది కూడా ఆయన ఎప్పుడో వదిలేశాడు, నాకే ఆలస్యంగా తెలిసింది."

పావురాల బుట్ట మూత తీసింది. రెండు పావురాలూ చీకటి పడుతున్న తోటల మీదుగా వెళ్ళిపోయాయి. ఎటు వెళ్ళాయో ఆవిడ చూడలేదు.

మర్నాడు పొద్దున అరుగు మీద ఒక్క గ్లాసు టీ పెట్టుకుని కూర్చుంది. మూత పెట్టలేదు. వేడిగా ఉండగానే తాగేసింది.